ముహూర్తానికి మార్చిన రెండు తీగలు

ఆ రోజు ఎవరూ బటన్ నొక్కలేదు. అయినా ట్రాలీ కదిలింది. కదలడం కాదు, ఎగిరింది. అది జరిగి చాలా ఏళ్ళయింది. పని చాలించుకుని వికారాబాద్‌లో ఇంటిపట్టున ఉంటున్నాను. ఆదివారం మా సంఘంలో పిల్లలకు పాఠం చెప్తాను. అయినా దారిలో ఎక్కడైనా మోటారు గొంతు ఒక్కసారిగా పెరిగితే ఇప్పటికీ నా కాళ్ళు ఆగిపోతాయి.

ఐటిఐ, డిప్లొమా చేసి ఈ పనిలోకి వస్తున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ కోసమే ఇది రాస్తున్నాను. నాకు ఎవరు శాలువా కప్పారో తెలుసుకుని మీరేం చేస్తారు? తాండూరు రాతి షెడ్లలో డీసీ మోటార్లకు సర్వో యాంప్లిఫయర్లు అమర్చడం, వాటికి తీగలు కట్టడం నా బతుకు. ఆ బతుకులో నన్ను నిలువునా వణికించిన ఒక్క సంగతి చెప్తాను. అది అర్థం కావడానికి కావలసినంత పని కూడా చెప్తాను.

మోటారు వెనక సాక్షి

డీసీ సర్వో మోటారు వెనక ఒక చిన్న డబ్బా ఉంటుంది. దాన్ని తాకో అంటాం. అదొక చిన్న జనరేటర్. మోటారు ఎంత వేగంగా, ఎటు తిరుగుతుందో దానికి తగ్గ వోల్టేజీ ఇస్తుంది. యాంప్లిఫయర్ చేసే పని చెప్పాలంటే చాలా చిన్నది. మనం అడిగిన వేగాన్ని ఒక చెవితో వింటుంది, తాకో చెప్పే వేగాన్ని ఇంకో చెవితో వింటుంది. తక్కువైతే కరెంటు పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. కోసే బ్లేడు దగ్గరికి రాయిని తీసుకెళ్ళే ట్రాలీ, రాయి బరువైనా తేలికైనా ఒకే నడక నడవడం ఇందువల్లనే.

మా నాన్న పల్లెలు తిరిగి వాక్యం చెప్పిన బోధకుడు. నేను అక్షరాలు దిద్దుకున్నదే లేఖనాల మీద. కాబట్టి నా బుర్రకు తాకో ఒక సాక్షి లాగే తోచింది. మోటారు చేస్తున్నది ఉన్నదున్నట్టు చెప్పే సాక్షి. ఆ సాక్షి మాట తలకిందులైతే ఏమవుతుంది? మోటారు ముందుకు తిరుగుతుంటే ‘వెనక్కి పోతున్నాం’ అని చెప్తుంది. యాంప్లిఫయర్ నమ్ముతుంది, ఇంకా తోస్తుంది. ఎంత తోస్తే అంత వెనక్కి అని వినబడుతుంది. మనం రెప్ప వేసి తెరిచేలోగా మోటారు తన పూర్తి వేగం అందుకుంటుంది. నడిపే బటన్ నొక్కే పని కూడా లేదు. యాంప్లిఫయర్‌ను మేలుకొలిపే ఎనేబుల్ స్విచ్ వేస్తే చాలు.

ఈ పని నాకు నేర్పింది అనంతరెడ్డి సార్. మర్పల్లి దగ్గర భూములున్న రైతు కుటుంబం వారిది. ఇంజనీరింగ్ చదివి వికారాబాద్‌లో సర్వీసు షాపు పెట్టారు, నేను అందులోనే పనిచేసేవాణ్ణి. కొత్త మోటారుకు మొదటిసారి కరెంటు ఇచ్చే ముందు నా వెనక నిలబడి ఒక్కొక్కటే అడిగేవారు.

“బెల్టు ఇప్పినవా?”

“ఇప్పిన సార్.”

“కరెంటు లిమిటు?”

“కిందికి పెట్టిన.”

“ఎడమ చెయ్యి యాడుంది?”

“ఎర్ర బటన్ మీద సార్.”

“మరింక నా మొకం చూస్తవేందిరా? మోటార్‌ను చూడు!”

కరెంటు లిమిటు తగ్గిస్తే మోటారు బలం తగ్గుతుంది, ఎర్ర బటన్ నొక్కితే అంతా ఆగిపోతుంది. ట్రాలీకి కలిపే బెల్టు లేని మోటారు వెర్రెత్తినా గాలిలోనే తిరుగుతుంది, ఎవరినీ కొట్టదు. అది కుదురుగా ఉందని చూసుకున్నాకే బెల్టు కట్టాలి. తొందర అని ఈ మెట్టు దాటేసిన మెకానిక్‌లు నాకు తెలుసు. వాళ్ళు మంచి పనివాళ్ళు కారు, ఇంతవరకు అదృష్టవంతులు, అంతే.

తాండూరులో ఇంకొక శత్రువు ఉంది, రాతి బురద. రాళ్ళు కోసే నీళ్ళు, రాతి పొడి కలిసి పల్చటి పాయసంలా షెడ్డంతా పారుతాయి. అది తాకో తీగ అతుకులోకి దిగితే సాక్షి నోరు పడిపోతుంది. సాక్షి మాట్లాడకపోయినా మోటారు పిచ్చెత్తుతుంది. అందుకే తీగను డబ్బాలోకి పంపే ముందు కిందికి వంచి పైకి తిప్పండి, నీళ్ళు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. తాకో తీగ చుట్టూ అల్లిన లోహపు జాలీని ఒక్క కొసనే ఎర్త్ చేయండి. దాన్ని పెద్ద మోటారు తీగలతో కలిపి ఒకే గొట్టంలో పంపకండి.

ఇక అసలు మాట. మన జిల్లాలో బోరు మోటారు కట్టని రైతు లేడు. బోరు ఉల్టా తిరిగితే స్టార్టర్‌లో రెండు వైర్లు మార్చేస్తే సీదా అవుతుందని చిన్నపిల్లలు కూడా చెప్తారు. బోరుకు అది నిజమే. సర్వోకు అది చావు. మోటారు తీగలు రెండూ మార్చినవాడు తాకో తీగలు రెండూ కూడా మార్చి తీరాలి. అంతకన్నా మంచిది, ఆ నాలుగింటినీ ముట్టకుండా, ఎటు పోవాలో చెప్పే చిన్న తీగలను తిప్పుకోవడం. అనంతరెడ్డి సార్ దీన్ని నాకు తిట్లతో నేర్పారు. కొందరికి ఇది ఎవరూ నేర్పలేదు.

కొబ్బరికాయ కొట్టిన పూట

విశ్వనాథం సేఠ్‌ది తాండూరులో రాళ్ళు కోసి పాలిష్ చేసే షెడ్డు. ఒక కోత మిషన్‌ను వాడినదే కొని తెచ్చుకున్నారు. దాని ట్రాలీని నడిపేది డీసీ సర్వో మోటారు. యాంప్లిఫయర్ పాతరకం, తాకో మాట ఆగినా, తిరగబడినా తనంతట తాను ఆగిపోయే తెలివి దానికి లేదు. ఆపరేటర్ బసప్ప, సరిహద్దు అవతలి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడినవాడు. మాట తెలుగే, చివర కన్నడపు ‘రీ’ తగిలిస్తాడు.

పొద్దున బెల్టు లేకుండా మోటారు చూసుకున్నాను, కుదురుగా ఉంది. బెల్టు కట్టి ‘ముందుకు’ బటన్ నొక్కితే ట్రాలీ మెల్లగా వెనక్కి నడిచింది.

“ఉల్టా పోతుంది సార్, ముందుకంటె యెనకకు పోతుంద్రీ,” అని బసప్ప నవ్వాడు. “నా పెండ్లాం లెక్కనే ఉంది.”

పెద్ద విషయం కాదు, చిన్న తీగలు రెండు తిప్పితే సరిపోతుంది. స్క్రూడ్రైవర్ అందుకుంటుంటే పంతులుగారి స్కూటర్ వచ్చి ఆగింది.

“జర ఆగుండ్రి దానేలు సార్, పూజ కానియ్యుండ్రి. ముహూర్తం దాటిపోతది,” అన్నారు సేఠ్.

మెయిన్ దించాను. పానెల్ తాళం వేసి, చెవి సేఠ్ చేతిలో పెట్టి చెప్పాను: “పూజ చేస్కోండ్రి. నేను వచ్చి తీగలు తిప్పేదాక మెయిన్ మాత్రం ఎయ్యొద్దు.” ఆయన తల ఊపారు.

మా సంఘం కట్టుబాటు ప్రకారం నేను పూజలో నిలబడను. ఎవరి దేవుడిని వాళ్ళు మొక్కుకుంటుంటే నేను మర్యాదగా పక్కకు పోతాను. సేఠ్‌కు ఇది ఎప్పటినుంచో తెలుసు. ఏనాడూ తప్పు పట్టలేదు సరికదా, “సార్‌కు బయట నీడల కుర్చీ ఎయ్యుండ్రి,” అని తానే చెప్పేవారు. ఆ రోజు నేను బయటికి వస్తుంటే సేఠ్ బామ్మర్ది మల్లేశం ఎదురొచ్చాడు. దోమ మండలంలో వ్యవసాయం, మంచి మాటకారి.

“ఏం దానేలు సార్, మా దేవునికి భయపడి బయట కూసుంటున్నవా?”

“లేదన్నా, మా దేవునికి భయపడి.”

ఇద్దరం నవ్వుకున్నాం. పేర్చిన నాపరాళ్ళ పక్కన కుర్చీలో కూర్చున్నాను. లోపల మంత్రాలు, గంట వినబడ్డాయి. కొబ్బరికాయ పగిలింది. ఆ వెంటనే మోటారు అరిచింది.

అలాంటి అరుపు నేను బెల్టు లేని మోటారు దగ్గర విన్నాను. బెల్టు కట్టిన మోటారు నుంచి ఎన్నడూ వినలేదు. ఇనుము ఇనుముకు కొట్టుకున్న చప్పుడు, ఆ తర్వాత రాయి పడ్డ చప్పుడు, ఆ తర్వాత మనిషి కేక. నేను లోపలికి ఉరికి మెయిన్ కిందికి లాగాను.

ట్రాలీ పట్టాల చివరికి వెళ్ళి కొట్టుకుని ఉంది. పూజకని దాని మీద పసుపు రాసి నిలబెట్టిన రాయి జారి బసప్ప కాలి మీద పడింది. మిషన్‌కు వేసిన బంతిపూల దండ ఎర్ర బటన్ మీదుగా వేలాడుతోంది. బసప్ప కుడిచేతి గుప్పిట నిండా ఆ పువ్వులే. బటన్ కోసం దండలో వెతుకుతుండగానే రాయి మీద పడింది. కోసే బ్లేడు తిరగడం లేదు. ప్రభువుకు స్తోత్రం, అదొక్కటే ఆ పూట మిగిలిన దయ.

“బటన్ ఒత్తనే లేద్రీ సార్,” అన్నాడు బసప్ప, రాయి లేపుతుంటే. “ఎనేబుల్ ఒక్కటే ఏసిన. సేఠ్ ఎయ్యమంటె ఏసిన. వేలు గూడ పెట్టలేద్రీ.”

దవాఖానకు తీసుకుపోయారు. మోకాలి కింద ఎముక విరిగింది.

పాడుచెయ్యి

బండి గేటు దాటకముందే షెడ్డులో మాట పుట్టింది. నేను అప్పటికింకా పానెల్ తెరవలేదు. ఒక కూలి ముసలాయన అన్నాడు, “కొబ్బరికాయ మంచిగనే పలిగింది. చెయ్యే మంచిది కాదు.” ఇంకొకరు అందుకున్నారు, “వాడు తొందరపడి ఒత్తిండు.” సేఠ్ నుదురు కొట్టుకుంటూ, “వానిది పాడుచెయ్యి, నాకు ముందే ఎరుక లేకపాయె,” అన్నారు.

ఈ మాట బరువు బయటివాళ్ళకు తెలియదు. తాండూరు షెడ్లలో ఒకడిది పాడుచెయ్యి అని పేరు పడితే ఇక ఎవరూ వాడిని మిషన్ మీద నిలబెట్టరు. బసప్పకు వచ్చిన విద్య అదొక్కటే. విరిగిన ఎముక అతుకుతుంది, ఈ పేరు అతికితే మాత్రం ఊడదు.

పానెల్ తెరిచాను. నేను కట్టిన మోటారు తీగలు రెండూ అటుదిటు ఇటుదటు అయి ఉన్నాయి. తాకో తీగలు కట్టినట్టే ఉన్నాయి.

“ఈ తీగలు ఎవరు ముట్టిన్రు?” అని అడిగాను.

దాస్తారనుకున్నాను. మల్లేశం మీసం దువ్వుకుంటూ ముందుకు వచ్చాడు. “నేనే మార్చిన సార్! ముహూర్తానికి మొదటి అడుగే యెనకకు ఏస్తె ఇంటికి అరిష్టం గదా. బావ దగ్గర చెవి తీస్కొని రెండు వైర్లు మార్చి మెయిన్ ఏసిన. మా బోరుకు నేను గిట్లనే చేస్త. మీకు పని తప్పిచ్చిన!”

ఆ మనిషి ముఖంలో దాపరికం లేదు, మెప్పు కోసం చూస్తున్న కళ్ళు ఉన్నాయి. అప్పటిదాకా బసప్పను అందరికన్నా గట్టిగా తిడుతున్నదీ అతనే. తన చెయ్యి చేసిన పని అతనికి తెలియనే తెలియదు.

మాటలతో చెప్తే నమ్మరని, పనివాళ్ళను షెడ్డు బయటికి పంపి బెల్టు విప్పాను. సేఠ్‌ను, మల్లేశాన్ని దగ్గరికి రమ్మని, బటన్లకు దూరంగా చేతులు కట్టుకుని నిలబడమన్నాను. “చూడుండ్రి, నడిపే బటన్ ఎవ్వరం ఒత్తుతలేం,” అని మెయిన్ ఎత్తి ఎనేబుల్ వేశాను. మోటారు మళ్ళీ అదే అరుపు అరిచింది. వెంటనే ఆపాను. మల్లేశం రెండడుగులు వెనక్కి వేసి నీళ్ళ డ్రమ్ముకు తగిలాడు.

“గీ రెండు వైర్లకేనా?” అన్నాడు. మళ్ళీ అదే అడిగాడు, “గీ రెండు వైర్లకేనా సార్?”

అడిగిన సాక్ష్యం

సేఠ్ నన్ను తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు. నిజం తెలిసింది కాబట్టి బసప్ప మీద వేసిన మాట వెనక్కి తీసుకుంటారనుకున్నాను.

“దానేలు సార్, మీరు అబద్ధమాడరని తాండూరు మొత్తానికి ఎరుకే.”

“చెప్పుండ్రి సేఠ్.”

“గందుకే అడుగుతున్న. లోపట చూసింది మనం ముగ్గురమే. బయట మీరు ఒక్క మాట చెప్తె అందరు నమ్ముతరు. బసప్ప తొందరపడి బటన్ ఒత్తిండని చెప్పుండ్రి. వాని దవాఖాన సంగతి నేను చూస్కుంట. మల్లేశం మా ఇంటామె తమ్ముడు. వాని పేరు ఎల్లితె నా ఇంట్ల పొయ్యి ఎలగది.”

“రేపు బసప్పను మిషన్ మీద ఎవరు నిలవెడ్తరు?”

“రాళ్ళు మొయ్యనీకి పోతడు. చేతులున్నయి గదా వానికి.”

అబద్ధం చెప్పమని అంతకుముందు కూడా కొందరు అడిగారు, అది నాకు కొత్త కాదు. కానీ నేను అబద్ధమాడను కాబట్టే నా చేత అబద్ధం ఆడించాలని చూసిన మనిషిని అదే మొదటిసారి చూడడం. మా సంఘంలో నెలకొకసారి ఎవరో ఒకరు లేచి సాక్ష్యం చెప్తారు. దేవుడు తమ బతుకులో చేసిన మేలు నలుగురి ముందు ఒప్పుకోవడం అది. చిన్నప్పటి నుంచి ఆ మాటను అంత పవిత్రంగా విన్నవాడిని. పూజ వేళ నాకు నీడలో కుర్చీ వేయించిన మర్యాదస్తుడే ఇప్పుడు దాన్ని అప్పు అడిగినట్టు అడుగుతున్నాడు.

బయటికి వచ్చి అనంతరెడ్డి సార్‌కు ఫోన్ చేశాను. మొత్తం విన్నారు.

“తీగలు సరిచెయ్. బెల్టు కట్టు. వచ్చెయ్,” అన్నారు.

“మరి బసప్ప సార్?”

“మనం సర్వీసోళ్ళం దానేలూ, సాక్షులం కాదు. వాళ్ళ ఇంటి లొల్లి మనకెందుకు?”

ఫోన్ పెట్టేశాను. ఒక్క తీగ తప్పుగా ఉన్నా అన్నం ముట్టని మనిషి ఆయన. తాకో మాట తిరగబడితే ఏమవుతుందో నాకు చెప్పింది ఆయనే. తీగల విషయంలో ఆయన నాకు గురువు, ఇప్పటికీ ఆ ఋణం తీరనిది. మనుషుల విషయంలో ఆ రోజు నుంచి నేను ఆయనను ఏమీ అడగలేదు. మీకు కూడా ఇలాంటి పెద్దవాళ్ళు దొరుకుతారు. వాళ్ళ దగ్గర పని నేర్చుకోండి. అన్నీ నేర్చుకోనక్కర లేదు.

షెడ్డు ముందర పనివాళ్ళంతా రాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. సేఠ్ గది గడప మీద నిలబడ్డారు. ముసలాయన అడిగాడు, “ఏమైంది సార్? వాడు ఒత్తిండా?”

“ఒత్తలేదు,” అన్నాను. “బటన్ ఎవ్వరూ ఒత్తలేదు. మోటారు తీగలు రెండు మారినయి, అందుకని దానంతట అదే ఉరికింది. బసప్ప ఉన్న జాగల నేనున్నా నా కాలే ఇరిగేది. వాని చెయ్యి మంచిదే.”

తీగలు మార్చింది ఎవరో నేను అనలేదు. అనే అవసరం లేదు. మల్లేశం మీసం దువ్వుకుంటూ చెప్పిన మాట అందరూ విన్నదే. తలలన్నీ అతని వైపు తిరిగాయి.

“మీ సామాను తీస్కొని నడువుండ్రి సార్,” అన్నారు సేఠ్. “మల్ల మా గేటు తొక్కకుండ్రి.”

మెయిన్ దించి, నా తాళం నేను వేసి, బస్సెక్కాను. వికారాబాద్ వచ్చేదాకా కిటికీ పక్కన కూర్చుని కూడా బయట ఏముందో చూడలేదు.

నిలబడిన చోటు

తర్వాత జరిగింది సేఠ్ ఊహించలేదు, నేనూ ఊహించలేదు. వేరే మెకానిక్‌తో బాగుచేయిస్తానని సేఠ్ చెప్పినా ఆ మిషన్ మీదికి ఎవరూ రాలేదు. తప్పు చేతిది కాదు, తీగలది అని తెలిశాక భయం ఇంకా పెరిగింది. ఆపరేటర్లు వచ్చేవారు, పానెల్ వైపు చూసేవారు, ఇంట్లో పనుందని వెళ్ళిపోయేవారు. చివరికి వాళ్ళే ఒక మాట మీదికి వచ్చారు. బసప్ప నడిపి చూపిస్తే నడుపుతాం, లేకపోతే లేదు.

బసప్ప కర్ర పట్టుకుని నడిచే రోజులు వచ్చాక సేఠ్ ఫోన్ చేశారు. “దానేలు సార్, ఒకసారి రావాలె,” అన్నారు, అంతే. నేను వెళ్తే గేటు దగ్గర ఆయనే నిలబడి ఉన్నారు. క్షమాపణ అనలేదు. “చాయ్ తాగుతరా?” అన్నారు. తాగాను.

ఈసారి ముహూర్తం పెట్టలేదు. బెల్టు విప్పి మొదటి నుంచి చూసుకున్నాను. మోటారు తీగలు, తాకో తీగలు యథాస్థానంలో కట్టి, దిక్కు చెప్పే చిన్న తీగలు తిప్పాను. తాకో మాట తేడా వస్తే మెయిన్ పడిపోయే ఏర్పాటు చేశాను. ఎర్ర బటన్‌ను దండలు అందని చోటికి మార్చాను. కరెంటు లిమిటు బాగా తగ్గించి, ట్రాలీ మీద రాయి పెట్టనివ్వకుండా బెల్టు కట్టాను.

బసప్ప మిషన్ దగ్గరికి వచ్చాడు. పనివాళ్ళు దూరంగా నిలబడ్డారు.

“అంత సరిగుందా సార్?”

“ఉంది బసప్పా.”

“అయితె ఒకరు ఆడ నిలవడాలె,” అని పట్టాల చివర తన కాలు విరిగిన చోటు చూపించాడు. పని భద్రత నేర్పేవాడిగా నేను వద్దనాలి. అనలేదు, నేనే అటు నడిచాను.

“మీరొద్దు సార్. మీ మీద నాకు అనుమానం లేద్రీ.” బసప్ప కర్ర ఎత్తి షెడ్డు మూల వైపు చూపాడు. “మల్లేశన్నా, నువ్వు రా.”

మల్లేశం అక్కడ ఉన్నాడని నాకు అప్పుడే తెలిసింది. సేఠ్ బామ్మర్దిని ఒక ఆపరేటర్ అలా పిలవడం ఆ షెడ్డులో అంతకుముందు జరిగి ఉండదు. మల్లేశం మోటార్ సైకిలెక్కి దోమకు వెళ్ళిపోతాడనుకున్నాను. అతను వచ్చి, చెప్పులు పక్కన విడిచి, బసప్ప చూపిన చోట నిలబడ్డాడు.

బసప్ప ఎనేబుల్ వేశాడు. మోటారు సన్నగా మూలిగి కదలకుండా ఉంది. మల్లేశం కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, పెదవులు కదులుతున్నాయి.

“కండ్లు మూస్తె ఎట్లన్నా?” అన్నాడు బసప్ప. “తెరువు. మీదికొస్తె ఉరకాలె గద.”

ఎవరో ఉండబట్టలేక నవ్వారు. మల్లేశం కళ్ళు తెరిచాడు. బసప్ప బటన్ నొక్కాడు. ట్రాలీ నిండుకుండ మోసే మనిషిలా మెల్లగా నడిచి, బసప్ప బటన్ వదలగానే మల్లేశానికి జానెడు దూరంలో ఆగింది. అతను వంగి దాని అంచు మీద చెయ్యి పెట్టాడు.

“పో అన్నా, అయిపాయె,” అన్నాడు బసప్ప.

మల్లేశం కదల్లేదు.

“యెనకకు తీస్కపొయ్యి, ఇంకోపారి నడుపు,” అన్నాడు. “అందరు చూడనీ. నేను గీడనే ఉంట.”